కొత్తగా గీసేవాళ్ల పక్కన 40 రోజులు: నా ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలుపెట్టానంటే

బొమ్మలేయడం నాకు పదిహేనేళ్లుగా బతుకుతెరువు. పుస్తకాలకి లోపలి బొమ్మలు, అట్టలు, అప్పుడప్పుడు పోస్టర్లు. చెయ్యి బాగా తిరిగింది, ఇచ్చిన గడువు ఎప్పుడూ దాటలేదు. కానీ ఈమధ్య ఒకరోజు ఏడాదంతా వేసినవి నేల మీద వరసగా పరుచుకుని చూస్తుంటే గుండెలో కలుక్కుమంది. చెట్లన్నీ ఒకటే చెట్టు. ముసలివాళ్లందరిదీ ఒకటే మొహం. కిటికీలోంచి వెలుతురు ఎప్పుడు చూసినా ఎడమపక్క నుంచే పడుతోంది. ఎవరూ తప్పు పట్టలేదు, పని ఇచ్చినవాళ్లంతా బాగుందనే అన్నారు, కానీ నాకు తెలిసిపోయింది కదా, తెలిశాక ఇంక ఊరుకోబుద్ధి కాలేదు.

అందుకే ఈ ప్రాజెక్టు. 40 రోజులు, రోజూ సాయంత్రం గంటన్నర, బొమ్మలేయడం ఎప్పుడూ నేర్చుకోని నలుగురితో కలిసి కూర్చుని గీయడం. ఒకాయన జీవితమంతా జమాఖర్చుల లెక్కలు రాసి రిటైరయ్యారు, నేను సార్ అంటాను. ఒకావిడ బట్టలు కుడతారు, నాకంటే పెద్దావిడ, అక్కా అని పిలుస్తాను. ఒకమ్మాయి డిగ్రీ చదువుతోంది. నాలుగోది మా అన్నయ్య కూతురు, ఆరేళ్లు. నాకు నేను పెట్టుకున్న షరతులు మూడే, వాళ్లు అడిగితే తప్ప నేర్పకూడదు, వాళ్లు ఏది గీస్తే నేనూ అదే గీయాలి, వాళ్లు అడిగే ప్రతి ప్రశ్నా నంబర్ వేసి ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

1వ రోజు

గది మధ్యలో పాత చెక్క కుర్చీ పెట్టాం. నాది తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. మిగతావాళ్లకి గంటపైనే పట్టింది. అన్నీ పక్కపక్కన పెట్టి చూశాం. నా కుర్చీ చూడ్డానికి ముచ్చటగా ఉంది, పర్‌స్పెక్టివ్‌లో, అంటే దూరం దగ్గరల కొలతల్లో, తప్పు లేదు, నీడ పడాల్సిన చోటే పడింది. సార్ గీసిన కుర్చీ ఒకపక్కకి ఒరిగిపోయింది, నాలుగు కాళ్లూ నాలుగు పొడవులు. కానీ ఆయన కుర్చీకి వీపు ఆనించే చోట అడ్డపట్టీలు రెండున్నాయి, నాదానికి మూడు. లేచి వెళ్లి కుర్చీ చూశాను. రెండే. పైగా కుడివైపు పట్టీ చివర స్క్రూ ఒకటి సగం బయటికొచ్చి ఉంది, అది ఆయన బొమ్మలో ఉంది, నా బొమ్మలో లేదు.

అంటే నేను ఆ కుర్చీని గీయలేదు. పదిహేనేళ్లుగా నేను గీస్తూ వస్తున్న కుర్చీని ఇంకోసారి గీశాను. ఎదురుగా ఉన్న కుర్చీ వైపు మహా అయితే నాలుగైదు సార్లు చూసుంటాను, అదీ కొలతల కోసం. సార్ అయితే ఒక గీత గీసి తలెత్తి చూసి, మళ్లీ గీత గీసి తలెత్తి చూసి, అలా గంటసేపు.

2వ రోజు

నిన్నటి మూడో పట్టీ గురించే ఆలోచిస్తూ, ఎప్పుడో చదివిన ఒక ప్రయోగం గుర్తొచ్చి అందరి చేతా చేయించాను. 1942లో అబ్రహాం లూచిన్స్ అనే సైకాలజిస్టు అచ్చేయించిన నీళ్ల కూజాల లెక్కలు అవి. మూడు కూజాలు, 21, 127, 3 కొలతలు పట్టేవి, వాటితో సరిగ్గా 100 కొలతల నీళ్లు తేవాలి. 127ది నింపి, అందులోంచి 21 ఒకసారి, 3 రెండుసార్లు తీసేస్తే 100 మిగులుతుంది. ఇదే పద్ధతితో తేలే లెక్కలు వరసగా నాలుగైదు చేయించి, తర్వాత 23, 49, 3 ఇచ్చి 20 తెమ్మంటారు. పాత పద్ధతి ఇక్కడా పనిచేస్తుంది, 49లోంచి 23 తీసి, 3 రెండుసార్లు తీస్తే 20. కానీ 23లోంచి 3 తీస్తే చాలు కదా! అలవాటు పడ్డవాళ్లలో ఎక్కువమందికి ఈ చిన్న దారి కనపడలేదు, మొదటిసారే ఈ లెక్క చూసినవాళ్లకి మాత్రం ఇట్టే కనపడింది.

నేను ముందు నాలుగు లెక్కలూ చకచకా చేసి, ఐదోది కూడా పొడుగు దారిలోనే చేశాను, జవాబు తెలిసి కూడా చెయ్యి అటే పోయింది. డిగ్రీ అమ్మాయి ఆలస్యంగా వచ్చి నేరుగా చివరి లెక్క చూసింది, ఐదు సెకన్లలో చెప్పేసింది. ఇక్కడ తెలివి తక్కువా ఎక్కువా అన్న మాటే లేదు. ఆ పిల్లకి ముందు నాలుగు లెక్కలూ లేవు, అంతే. నా కుర్చీకి మూడో పట్టీ వచ్చింది ఈ పొడుగు దారిలోనే అని అర్థమైంది.

4వ రోజు

ప్రశ్నల పుస్తకంలో ఇప్పటికి 19. వాటిలో 11వ ప్రశ్న అక్కది. "ఎక్కడినుంచి మొదలెట్టాలమ్మా?" అని.

నాకు ఇది ప్రశ్న అని కూడా తోచదు, ఎప్పుడూ పైన ఎడమ మూల నుంచి, లేత గీతలతో పెట్టెలు కట్టుకుంటూ వస్తాను. నేర్పకూడదన్న షరతు ఉంది కాబట్టి "మీ ఇష్టం అక్కా" అన్నాను. ఆవిడ ఎదురుగా పెట్టిన కూజాని వదిలేసి దాని పక్కనున్న ఖాళీని కత్తిరించినట్టు గీయడం మొదలుపెట్టారు, కూజా చెవికీ మెడకీ మధ్య ఉన్న కంత ముందు, తర్వాత కూజాకీ గోడకీ మధ్య జాగా. ఆ ఖాళీలన్నీ పూర్తయ్యేసరికి కూజా దానంతటదే తేలింది. దీన్ని ఆర్ట్ స్కూళ్లలో నెగెటివ్ స్పేస్ అని పాఠంగా చెప్తారు, ఆవిడకి ఆ పేరు తెలీదు. ఎందుకలా గీశారని అడిగితే "చంక కోసేటప్పుడు తీసేసే ముక్క ఆకారమే కదా ముఖ్యం, మిగిలింది చొక్కా" అన్నారు.

ఈ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కొత్తవాళ్లంటే ఖాళీ పలకతో వస్తారని మనమంతా అనుకుంటాం. ఖాళీగా ఎవరూ రారు. ఇంకో పనిలో పండిన చేతులతో వస్తారు, ఆ పని తాలూకు కళ్లతో చూస్తారు. గ్రాండ్‌మా మోజెస్ అని అమెరికాలో ఒకావిడ ఉండేది, 1860లో పుట్టింది, ఏళ్ల తరబడి పొలం పనులు, ఎంబ్రాయిడరీ, కీళ్లనొప్పులతో సూది పట్టుకోవడం కష్టమయ్యాక డెబ్బై దాటిన వయసులో కుంచె పట్టింది, 101 ఏళ్లు బతికింది, వందేళ్ల వయసులోనూ బొమ్మలేసింది. ఆవిడ బొమ్మల్లో కొండలు, పొలాలు, చిన్నచిన్న మనుషులు ఒక గుడ్డ మీద ఎక్కడికక్కడ పొదిగినట్టు ఉంటాయి. నాకెప్పుడూ అది "నేర్చుకోకపోవడం వల్ల వచ్చిన అమాయకత్వం" అనిపించేది. ఇవాళ అక్క పక్కన కూర్చున్నాక అలా అనిపించట్లేదు, సూదితో నేర్చుకున్నదేదో కుంచెలోకి వచ్చిందనిపిస్తోంది.

రేపు అక్క పద్ధతిలో నేను మూడు బొమ్మలు వేయాలి.

5, 6 రోజులు

వేశాను. మొదటి రెండూ కుదరలేదు. మూడోదాంట్లో నా చెట్టు మొదటిసారి నా పాత చెట్టులా లేదు, ఆకుల మధ్య ఆకాశం ముక్కల్ని ముందు గీశాను కాబట్టి.

8వ రోజు

మా కోడలుపిల్ల తన స్కూల్ బ్యాగ్ గీసింది. బ్యాగ్ బయటినుంచి కనపడుతోంది, లోపల పుస్తకాలు, బాక్సు, విరిగిన క్రేయాన్, దాచుకున్న గులకరాయి, అన్నీ కనపడుతున్నాయి. "లోపలివి ఎలా కనపడతాయి నాన్నా, జిప్ వేసుంది కదా" అన్నాను, నోరు జారి. "ఉన్నాయిగా అత్తా" అంది.

పిల్లలు ఇలా ఎక్స్‌రే బొమ్మలు గీయడాన్ని ఫ్రాన్స్‌కి చెందిన జార్జెస్ హెన్రీ లూకే అనే ఆయన 1927లో వివరంగా రాశాడు, పిల్లలు కంటికి కనిపించేది కాకుండా తమకి తెలిసింది గీస్తారని. పెద్దయ్యేకొద్దీ ఒకచోట నిలబడి చూస్తే ఏది కనపడుతుందో అదే గీయడానికి అలవాటు పడతాం, దాన్నే సరైన బొమ్మ అనుకుంటాం. చిత్రకారుడు పాల్ క్లీ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి, 1911లో తన బొమ్మలన్నిటికీ స్వయంగా జాబితా రాయడం మొదలుపెట్టినప్పుడు చిన్నప్పుడు వేసిన వాటిలో కొన్నిటిని ఏరి ఆ జాబితాలో చేర్చాడు. పెద్దయ్యాక వేసినవాటి వరసలోనే వాటికీ చోటిచ్చాడు.

నేను నా పని బ్యాగ్ ఆ పిల్ల పద్ధతిలో గీశాను. రెండేళ్లుగా వాడని బ్రష్ ఒకటి, మా నాన్న ఇచ్చిన చెక్కేసిన పెన్సిల్ ముక్క, చెల్లని రసీదులు, ఒక్కొక్కటీ గీస్తుంటే ఇవన్నీ ఎందుకు మోస్తున్నాను అనిపించింది. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు బాగా నచ్చిన బొమ్మ ఇదే.

11వ రోజు

వాటర్ కలర్ మొదలుపెట్టాం. డిగ్రీ అమ్మాయి కాగితం మీద నీలం పరిచి, అది సగం ఆరాక, నీళ్లు ఓడుతున్న బ్రష్ తెచ్చి మధ్యలో పెట్టేసింది. నేను ఆపుకోలేక "అయ్యో" అన్నాను. రంగు చుట్టూ నెట్టుకుపోయి, అంచు ముళ్లుముళ్లుగా, కాలీఫ్లవర్ పువ్వులా ఆరింది. దీన్ని బ్లూమ్ అంటారు, నేను నేర్చుకునేటప్పుడు ఇది రాకూడని తప్పు, వస్తే కాగితం మార్చేయాల్సిందే.

ఆ అమ్మాయి నా వైపు చూసి అడిగింది, "ఏం మేడమ్, బాలేదా?"

37వ ప్రశ్న. రాసుకున్నాను గానీ జవాబు రాలేదు. ఎందుకంటే బాగుంది. నిజంగా చాలా బాగుంది. నేనెంత ప్రయత్నించినా బ్రష్‌తో అలాంటి అంచు గీయలేను. అది తప్పని పదిహేనేళ్లుగా తెలుసు కాబట్టి దానివైపు ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

12, 13 రోజులు

ఇంక ఆగలేక రెండు రోజులు దీని మీదే కూర్చున్నాను. మందపాటి కాటన్ కాగితం (300 జీఎస్‌ఎం) పన్నెండు ముక్కలు కోసి, అన్నిటి మీదా ఒకే నీలం, ఒకే మందంలో పరిచి, ఒక్కో ముక్క మీద నిమిషం తేడాతో ఒక్కో నీటిచుక్క వేశాను. మొదటి మూడు ముక్కల్లో ఏమీ లేదు, కాగితం మీద నీళ్లు ఇంకా నిలబడి మెరుస్తున్నాయి, చుక్క అందులో మెత్తగా కలిసిపోయింది. నాలుగు నుంచి ఏడు దాకా అసలు కథ, తడి మెరుపు పోతూ పోతూ కాగితం మాత్రం ఇంకా చల్లగా చేతికి తగులుతున్నప్పుడు చుక్క వేస్తే కొత్త నీళ్లు ఇంకా తడి తక్కువున్న వైపు పాకుతూ రంగు రేణువుల్ని ముందుకి తోసుకెళ్లి అంచున వదిలేస్తాయి, ఆ వదిలిన గీతే బ్లూమ్. ఆరో ముక్క అన్నిటికంటే బాగా వచ్చింది. పది దాటాక కాగితం ఆరిపోయింది, చుక్క ఎక్కడిదక్కడే గుండ్రంగా మచ్చలా మిగిలింది.

ఈ నిమిషాలు గదిలో వేడిని బట్టి, గాలిలో తేమని బట్టి మారతాయి, కాబట్టి గడియారం కంటే ఆ మెరుపునే నమ్మాలి. కాగితాన్ని కంటి ఎత్తుకి తెచ్చి పక్కనుంచి వంచి చూస్తే మెరుపు ఎక్కడ పోయిందో, ఎక్కడ ఉందో స్పష్టంగా తెలుస్తుంది.

పన్నెండు ముక్కలూ గోడకి అంటించాను. అమ్మాయి వచ్చి చూసి "ఇంత పెద్ద విషయమా ఇది" అంది. నాకు పెద్ద విషయమే. వచ్చే పుస్తకంలో వాన మబ్బులు ఇలాగే వేస్తాను.

17వ రోజు

ఈ వారం అంతా వృథా అయినట్టే, అయినా రాసి పెట్టుకోవాలి.

నేనే మళ్లీ కొత్తదాన్ని అయిపోతే ఎలా ఉంటుందని ఎడమచేత్తో గీయడం మొదలుపెట్టాను. నాలుగు రోజులు, రోజుకి మూడు బొమ్మలు. గీతలు వణికాయి, చూడ్డానికి పిల్లల బొమ్మల్లా ఉన్నాయి కూడా, ఎవరికైనా చూపిస్తే ఎంత స్వేచ్ఛగా ఉన్నాయో అనేవాళ్లేమో. కానీ లెక్కపెట్టి చూస్తే కుర్చీకి మళ్లీ మూడు పట్టీలు! వణుకుతున్న మూడు పట్టీలు, అంతే తేడా. చెయ్యి మారింది గానీ చూపు మారలేదు. కావాలని వంకరగా గీయడం కొత్తవాళ్ల దగ్గర నేర్చుకోవడం కాదు, అది వాళ్ల బొమ్మల పైతోలు తీసి కప్పుకోవడం. ఆ పన్నెండు బొమ్మలూ విడిగా కట్ట కట్టి పెట్టాను, ప్రాజెక్టులో కలపను.

20వ రోజు

సార్ రబ్బరు అడిగారు. మొదటి రోజునుంచీ రబ్బరు ఇవ్వలేదు నేను, అది నేర్పడం కిందికి రాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. "పద్దుల పుస్తకంలో కూడా చెరపకూడదు కదా సార్, కొట్టేసి పక్కన రాస్తారు" అన్నాను. ఆయనకి ఆ మాట నచ్చింది. తప్పుగా పడ్డ గీతల మీద అడ్డగీతలు కొట్టుకుంటూ పోయారు, కొట్టివేతలు దగ్గరదగ్గరగా చేరి ఒక చీకటి ముద్దలా అయ్యాయి, ఆయన కాసేపు దాన్ని తిప్పితిప్పి చూసి "ఇది గుడ్లగూబ" అని కళ్లు పెట్టారు.

రవీంద్రనాథ్ ఠాగూర్ బొమ్మల్లోకి వచ్చింది దాదాపు ఈ దారినే. రాతప్రతుల్లో కొట్టేసిన మాటల్ని గీతలతో కలుపుతూ, వాటిలోంచి పక్షుల్లాంటివి, జంతువుల్లాంటివి, మొహాలు తీస్తూ అరవై దాటిన వయసులో చిత్రకారుడయ్యాడు, 1930లో పారిస్‌లో మొదటి ప్రదర్శన జరిగింది, ఆ తర్వాత బతికిన పదేళ్లలోనూ గీస్తూనే ఉన్నాడు, మొత్తం రెండు వేలకి పైగా బొమ్మలు. ఇది సార్‌కి చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గుడ్లగూబ కింద తేదీ వేసి సంతకం పెట్టారు, మొదటిసారి.

24వ రోజు

ఇవాళ మొహాలు. ఇక్కడ మాత్రం నేను మొదట్లో అనుకున్నది ఒకటి పక్కన పెట్టేయాల్సి వచ్చింది.

పెద్దవాళ్లు ముగ్గురూ కళ్లని బాదంగింజల్లా గీశారు, ముక్కుని ఒక వంపుగీతలా, కళ్లని నుదుటి దగ్గర పెట్టారు. నిజానికి నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా సగంలో ఉంటాయి కళ్లు, స్కేలు పెట్టి చూసుకోవచ్చు. అంటే వాళ్లకీ మూడు పట్టీల కుర్చీలున్నాయి! చిన్నప్పుడెప్పుడో నేర్చుకున్న కన్ను గుర్తు, ముక్కు గుర్తు, అవే దించేశారు. కొత్తవాళ్లకి అన్నీ తాజాగా కనపడతాయి అనేది ఉత్త మాట, నేను కూడా సగం నమ్మి మొదలుపెట్టాను ఈ ప్రాజెక్టుని.

అక్క అడిగారు కాబట్టి ఒక అభ్యాసం చెప్పాను, ఫోటోని తలకిందులుగా పెట్టి చూసి గీయడం. 1979 తర్వాత అమెరికాలో ఒక డ్రాయింగ్ టీచర్ వల్ల ఇది బాగా పాపులర్ అయింది, తలకిందులైతే ఇది కన్ను, ఇది ముక్కు అని పేర్లు వెంటనే తగలవు, గీతలూ నీడలూ మాత్రమే మిగులుతాయి, దాంతో ఉన్నది ఉన్నట్టు చూడక తప్పదు. నలుగురి బొమ్మలూ ఒక్కసారిగా మారిపోయాయి.

మరి వాళ్లకీ నాకూ తేడా ఎక్కడుంది అని రాత్రి చాలాసేపు ఆలోచించాను. వాళ్ల బొమ్మ పోలకపోతే వాళ్లకి తెలిసిపోతుంది. తెలిసి మళ్లీ మనిషి మొహం వైపు చూస్తారు, ఇంకోసారి చూస్తారు, ఏది తేడాగా ఉందో దొరికేదాకా వెతుకుతారు. నా బొమ్మ ఎప్పుడూ దాదాపు పోలుతుంది. అందుకని మళ్లీ చూడాల్సిన అవసరమే రావట్లేదు నాకు, ఆ అవసరం రాకపోవడం దగ్గరే ఆగిపోయాను. నైపుణ్యం వద్దనట్లేదు నేను, ఆరో ముక్కలో బ్లూమ్ ఎప్పుడు వస్తుందో పట్టుకోగలిగింది నైపుణ్యమే. కానీ అక్కడ ఏదో ఉందని నన్ను ఆపింది ఆ అమ్మాయి.

25 నుంచి 32 దాకా

పని ఎక్కువగా ఉంది, రోజూ రాయలేదు. ఈ ఎనిమిది రోజులూ ఒక కొత్త అలవాటు పెట్టుకున్నాను, బొమ్మ అయిపోయింది అనిపించగానే పెన్సిల్ కింద పెట్టి, ఎదురుగా ఉన్నదాన్ని ఇంకో పది నిమిషాలు ఊరికే చూడటం. గీయకుండా. మొదటి మూడు నిమిషాలు చాలా కష్టంగా ఉంటుంది. ఐదో నిమిషం తర్వాత ఏదో ఒకటి దొరుకుతుంది, గాజు గ్లాసు అంచులో ఎదుటి గోడ తలకిందులుగా కనపడటం, చెప్పు మడమ ఒకవైపే అరిగి ఉండటం.

35వ రోజు

పిల్ల ఒక బొమ్మ వేసి సగంలో వదిలేసి ఆడుకోవడానికి వెళ్లిపోతుంటే "పూర్తి చెయ్యవా" అన్నాను. "అయిపోయింది అత్తా, కుక్క వచ్చేసిందిగా" అంది. కాగితంలో ముప్పావు వంతు ఖాళీ. మూల నుంచి కుక్క లోపలికి వస్తోంది. నిజమే, అది చెప్పాలనుకున్నది కుక్క రావడమే, వచ్చేసింది. నేనైతే వెనక ఇల్లు, చెట్టు, ఆకాశం అన్నీ నింపి కుక్కని దాచేసేదాన్ని.

పోయిన నెల వేసిన అట్టబొమ్మ ఒకటి తీసి దాంట్లో ఏవేవి తీసేయొచ్చో పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. పదకొండు వస్తువులు.

40వ రోజు

మళ్లీ అదే కుర్చీ. అదే చోట.

సార్ కుర్చీ ఈసారి నిటారుగా నిలబడింది. అక్క కుర్చీని వదిలేసి దాని మీద ఆరేసిన తువ్వాలు గీశారు, ప్రతి మడతా ఎక్కడ లాగుతోందో, ఎక్కడ వదులైందో నేను అంత నమ్మకంగా గీయలేను. అమ్మాయి నీడని ఒక్క బ్లూమ్‌తో తేల్చేసింది. పిల్ల కుర్చీ కింద ఎవరో దాక్కున్నట్టు గీసింది, ఎవరో చెప్పనంది.

నాకు గంటా పది నిమిషాలు పట్టింది. రెండు పట్టీలు. స్క్రూ ఉంది, ఈ నలభై రోజుల్లో ఇంకొంచెం బయటికొచ్చింది కూడా. ముందుకాలు మీద గీరుకుపోయిన గుర్తు, సీటు మధ్యలో చెక్క నునుపుదేలి వెలుతురు జారిపోతున్న చోటు, అన్నీ ఉన్నాయి. సంతోషంగా అనిపించింది, ఆ కుర్చీ నాకు ఇప్పుడు తెలుసు.

సార్ నా భుజం మీదుగా వంగి చాలాసేపు చూసి అడిగారు, "అమ్మా, కుర్చీ కింద నీడలు రెండున్నాయి కదా, ఒకటి కొంచెం నీలంగా, ఒకటి గోధుమరంగులో, మీరు ఒకటే వేశారేం?"

వంగి చూశాను. కిటికీ వెలుతురు ఒకవైపు నుంచి, బల్బు వెలుతురు ఇంకోవైపు నుంచి. బల్బు వెలుతురు అందని చోట కిటికీది మాత్రమే పడి నీడ నీలంగా ఉంది, కిటికీది అందని చోట బల్బుది మాత్రమే పడి గోధుమరంగు తిరిగింది. రెండూ కలిసే చోట మధ్యలో ముదురు ముక్క ఒకటి.

112వ ప్రశ్న అని రాసుకుని, పెన్సిల్ చెక్కి, కింద నేల మీద కూర్చున్నాను.